డొప్ప చెవుల ఆపరేషన్: ఏడేళ్ల బాబుకి, ఇరవయ్యారేళ్ల తమ్ముడికి. ఎప్పుడు, ఎలా, ఏం జాగ్రత్తలు?

ప్రశ్న: అమలాపురం అమ్మ

నమస్కారమండి. మా బాబుకి ఏడేళ్లు, బరువు 20 కిలోలు. రెండు చెవులూ బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. చినతిరుపతిలో గుండు చేయించాక ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. స్కూల్లో పిల్లలు డొప్ప చెవులని ఏడిపిస్తున్నారట, ఆపరేషన్ చేయించమని వాడే అడుగుతున్నాడు. చిన్న స్కేలు పెట్టి వెనక నుంచి కొలిచాను. కుడి చెవి అంచుకీ తలకీ మధ్య దూరం పైన 22 మి.మీ., మధ్యలో 27, తమ్మె దగ్గర 20. ఎడమ చెవి ఒకటి రెండు మి.మీ. తక్కువ. వినికిడి బాగానే ఉంది.

మా తమ్ముడికి 26 ఏళ్లు, వాడివీ ఇలాంటి చెవులే. మాఘమాసంలో పెళ్లి, ఈలోగా చేయించుకుందామంటున్నాడు. ఇద్దరికీ ఒకే రకం ఆపరేషనా? బాబుకి పూర్తి మత్తు ఇవ్వాల్సిందేనా? వేసవి సెలవులు మంచివా, సంక్రాంతి సెలవులా? మళ్లీ పాత స్థితికి వచ్చేస్తాయని కొందరంటున్నారు, నిజమేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: ప్లాస్టిక్ సర్జన్, రాజమండ్రి

అమ్మా, కొలిచి రాయడం మంచి పని చేశారు. సగం సంగతి ఆ అంకెల్లోనే ఉంది. మామూలు చెవికి ఈ దూరాలు పైన 10–12, మధ్యలో 16–18, తమ్మె వైపు 20–22 మి.మీ. ఉంటాయి. అంటే బాబుకి తమ్మె సరిగ్గానే ఉంది, తేడా అంతా పైనా మధ్యలోనే. ఇప్పుడు వాణ్ని వెలుతురులో కూర్చోబెట్టి చెవి పై అంచుని వేలితో మెల్లగా తల వైపు నొక్కి చూడండి. చెవి లోపల పైనుంచి కిందికి ఒక మడత ఏర్పడి చెవి చక్కగా సర్దుకుంటే, వాడికి పుట్టుకతో ఆ లోపలి మడత సరిగ్గా పడలేదన్నమాట. మడత పడ్డా చెవి మధ్య భాగం ఇంకా బయటికే నిలబడితే, చెవి రంధ్రం చుట్టూ ఉండే గిన్నె లోతు ఎక్కువ. గిన్నె లోతు 15 మి.మీ. దాటితే మేం ఎక్కువే అనుకుంటాం. మధ్యలో 27 అన్నారు కాబట్టి బాబుకి రెండూ కలిసి ఉండొచ్చని నా అంచనా. ఏది తేడా అయితే దానికి తగిన పని చేయాలి. గిన్నె లోతు ఉన్న చెవికి మడత ఒక్కటే కుట్టి పంపిస్తే పై భాగం తలకి అతుక్కుపోయినట్టు, మధ్య భాగం బయటికి ఉబ్బినట్టు మిగిలిపోతుంది. రెండో ఆపరేషన్‌కి వచ్చేవాళ్లలో ఇది తరచూ చూస్తాం.

వయసు విషయంలో మీరు సరైన సమయంలోనే ఉన్నారు. ఆరేళ్లు వచ్చేసరికి చెవి పెద్దవాళ్ల చెవిలో దాదాపు 90 శాతం పెరిగిపోతుంది, ఆ తర్వాత కుట్లు వేసినా ఎదుగుదల ఆగదు. చెవికి ఆకారమిచ్చే మృదులాస్థి (కార్టిలేజ్) ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి కుట్లతోనే వంగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, వాడే అడుగుతున్నాడు. అడిగిన పిల్లాడు కట్టు పీక్కోడు. పెద్దవాళ్ల పోరు పడలేక వచ్చిన పిల్లాడు కట్టు లాగేసుకుంటాడు, రాత్రి బ్యాండు పెట్టుకోడు. అందుకే నేను బిడ్డని విడిగా ఒక మాట అడిగాకే తేదీ ఇస్తాను.

ఆపరేషన్ రెండు చెవులకీ కలిపి గంటన్నర నుంచి రెండు గంటలు. చెవి వెనక, తలతో కలిసే మడతకి దగ్గర్లో కోత పెడతాం, మచ్చ అక్కడే దాగిపోతుంది. ముందు వైపు నుంచి సన్నటి సూదిని మిథిలీన్ బ్లూ అనే నీలి రంగులో ముంచి గుచ్చితే మడత ఎక్కడ రావాలో వెనక వైపు చుక్కలు పడతాయి. ఆ చుక్కల వెంట మూడు నాలుగు కరగని కుట్లు, తెల్లటి లేదా రంగులేని 4-0 సైజు దారంతో వేస్తాం. ఇది మస్టార్డే అనే సర్జన్ 1963లో చెప్పిన పద్ధతి. సూది మృదులాస్థిని అంటిపెట్టుకున్న వెనక పొర, మృదులాస్థి, దాని ముందు పొర దాకా వెళ్లాలి, ముందు చర్మంలోకి మాత్రం వెళ్లకూడదు. ముందు పొర అందకపోతే దారం మృదులాస్థిని కోసుకుంటూ జారిపోతుంది, చెవి మళ్లీ బయటికి వచ్చేయడానికి పెద్ద కారణం అదే. చర్మంలోకి వెళ్తే ముందు వైపు గుంట పడి చీము పట్టే దారి ఏర్పడుతుంది. కుట్లన్నీ వేశాక ఒక్కొక్కటి ముడి వేస్తూ, ప్రతి ముడికీ స్కేలు పెట్టి కొలుస్తాం. కొద్దిగా సడలుతుందని తెలుసు కాబట్టి రెండు మూడు మి.మీ. అదనంగా దగ్గరికి తెస్తాం.

గిన్నె లోతుకి ఫర్నాస్ అనే సర్జన్ 1968లో చెప్పిన కుట్లు వేస్తాం. గిన్నె వెనక భాగాన్ని చెవి వెనకున్న ఎముక పొరకి బిగిస్తాం. ఎముక మీద ఆ కుట్టు వీలైనంత వెనక్కి పడాలి. ముందుకి పడితే గిన్నె మొత్తం ముందుకి తిరిగి చెవి రంధ్రాన్ని ఇరుకు చేస్తుంది. సర్జన్ ముడి వేసే ముందు చెవి రంధ్రంలోకి చూసుకోవాలి.

చర్మాన్ని ఎక్కువగా కత్తిరించి, దాన్ని బిగించి చెవిని నిలబెట్టడం పాత అలవాటు. చర్మం సాగుతుంది, చెవి తిరిగొస్తుంది, పైగా బిగువు మీద మానిన గాయానికి మచ్చ ఉబ్బుతుంది. చెవిని పట్టి ఉంచాల్సింది మృదులాస్థిలో కుట్లే. మీ సర్జన్‌ని అడగదగ్గ ప్రశ్న ఇది: "ఆకారాన్ని ఏది నిలబెడుతుంది, దారమా, చర్మమా?"

ఫలితం ఎలా ఉండాలో కూడా చెప్తాను. ఎదురుగా చూస్తే బయటి అంచు లోపలి మడత కంటే కొంచెం బయటికి కనబడాలి. మడతే ముందుకొచ్చి అంచు దాని వెనక దాక్కుంటే ఎక్కువ లాగేశారన్నమాట. మధ్య భాగాన్ని ఎక్కువ లాగి పై కొననీ తమ్మెనీ వదిలేస్తే చెవి పాత టెలిఫోన్ రిసీవర్‌లా కనబడుతుంది, దీనికి టెలిఫోన్ చెవి అనే పేరే ఉంది. రెండు చెవుల మధ్య 3 మి.మీ. లోపు తేడా ఎవరి కంటికీ ఆనదు, దాని కోసం మళ్లీ కత్తి పట్టక్కర్లేదు.

తమ్ముడి సంగతి వేరు. 26 ఏళ్లకి మృదులాస్థి బిగుసుకుపోయి ఉంటుంది, కుట్లు ఒక్కటే వేస్తే స్ప్రింగులా వెనక్కి తంతుంది. అందుకని ముందు వైపు పొర కింద నుంచి మృదులాస్థి మీద సన్నటి గీతలు పెట్టి బలం తగ్గిస్తాం. గీతలు పెట్టిన వైపు నుంచి మృదులాస్థి అవతలి వైపుకి వంగుతుందని గిబ్సన్ 1958లో చూపించాడు, స్టెన్‌స్ట్రోమ్ దాన్ని చెవికి వాడాడు. గీత లోతుగా దిగితే చెవి మీద పదునైన గట్లు తేలతాయి, జీవితాంతం ఉంటాయి. అతనికి చెవి దగ్గర మత్తు ఇంజెక్షన్ చాలు, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. పెళ్లికి కనీసం రెండు మూడు నెలల ముందు చేయించుకోమనండి. వాపు, కమిలిన రంగు రెండు మూడు వారాల్లో చాలావరకు పోతాయి గానీ, సన్నటి వాపు తగ్గి తుది ఆకారం రావడానికి నెలలు పడుతుంది. పుష్యంలో చేయించుకుని మాఘంలో పీటల మీద కూర్చోవడం నేను ఒప్పుకోను, తలపాగా, బాసికం, తలంబ్రాల తోపులాట ఉంటాయి.

ఇద్దరికీ ఒంటి మీద పాత మచ్చలు చూపించండి. చెవి కుట్టించిన చోట, బీసీజీ టీకా వేసిన చోట గడ్డకట్టినట్టు ఉబ్బిన మచ్చ ఉంటే ముందే చెప్పాలి. మన చర్మానికి కీలాయిడ్ వచ్చే అవకాశం తెల్లవాళ్ల కంటే ఎక్కువ. వస్తే మచ్చలోకి ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు నాలుగు నుంచి ఆరు వారాలకొకటి చొప్పున ఇస్తాం, తొందరగా మొదలుపెడితే బాగా లొంగుతుంది.

జవాబు: మత్తు డాక్టర్, భీమవరం

సర్జన్ గారు చెప్పింది సరిగ్గా ఉంది. మత్తు వైపు నుంచి నాలుగు మాటలు.

ఏడేళ్ల బిడ్డ రెండు గంటలు కదలకుండా పడుకోడు కాబట్టి పూర్తి మత్తే మంచిది. దానితో పాటు చెవి దగ్గర లిగ్నోకైన్, ఎడ్రినలిన్ కలిపిన మందు ఎలాగూ ఇస్తారు, రక్తం తక్కువ కారడానికి, లేచాక నొప్పి తెలియకుండా ఉండటానికి. ఎడ్రినలిన్‌తో కలిపితే లిగ్నోకైన్ గరిష్ఠ మోతాదు కిలోకి 7 మి.గ్రా. 20 కిలోల బాబుకి 140 మి.గ్రా., అంటే 1 శాతం మందు అయితే రెండు చెవులకీ కలిపి 14 మి.లీ. దాటకూడదు. పెద్దవాళ్లలో ఈ లెక్క ఇబ్బంది పెట్టదు, పిల్లల్లో మాత్రం ముందే బోర్డు మీద రాసుకుంటాం. ఇంజెక్షన్ ఇచ్చాక ఏడెనిమిది నిమిషాలు ఆగి కోత పెట్టాలి, ఎడ్రినలిన్ పనిచేయడానికి ఆ సమయం కావాలి.

చెవి ఆపరేషన్‌లో పిల్లలకి వాంతులు ఎక్కువ. చెవి గిన్నెకి వేగస్ నరం కొమ్మ ఒకటి వస్తుంది, అక్కడ లాగినా, కట్టు కింద దూది గట్టిగా కుక్కినా వాంతి వస్తుంది. వాంతి చేసుకుంటే తలలో రక్తపు పోటు పెరిగి చెవి కింద రక్తం చేరుతుంది. అందుకే మత్తులో ఉండగానే ఆన్‌డాన్‌సెట్రాన్ కిలోకి 0.1 మి.గ్రా., డెక్సామెథసోన్ కిలోకి 0.15 మి.గ్రా. ఇచ్చేస్తాం. మీ మత్తు డాక్టర్‌ని ఈ విషయం అడిగితే తప్పు పట్టుకోరు.

పస్తు: అన్నం, టిఫిన్, పాలు ఆరు గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు. కోనసీమ వాళ్లు కొబ్బరినీళ్లు ఇవ్వొచ్చా అని అడుగుతారు. నేను వద్దంటాను, వడకట్టినా లేత కొబ్బరి తునకలు ఉండిపోతాయి. పూతరేకు ముక్క కూడా అన్నంతో సమానమే, అమ్మమ్మలకి ఈ మాట గట్టిగా చెప్పండి. బిడ్డకి జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకండి. తగ్గిన రెండు నుంచి నాలుగు వారాల తర్వాత పెట్టుకుందాం, ఇది తొందరపడాల్సిన ఆపరేషన్ కాదు. తమ్ముడు గారు సిగరెట్ కాలిస్తే నాలుగు వారాల ముందు ఆపాలి, ఆస్పిరిన్ వాడుతుంటే సర్జన్‌కి చెప్పాలి, సొంతంగా ఆపేయకూడదు.

జవాబు: డ్రెస్సింగ్ సిస్టర్, కాకినాడ

అమ్మా, ఆపరేషన్ సర్జన్ గారు చేస్తారు, దాన్ని నిలబెట్టేది మాత్రం మొదటి రెండు రాత్రులు, ఆ తర్వాత ఆరు వారాలు. అది చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది.

కట్టు కింద ఏముందో తెలిస్తే మీకు భయం తగ్గుతుంది. లిక్విడ్ పారాఫిన్‌లోనో యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్‌లోనో తడిపిన దూది పోగుల్ని చెవి మడతల్లో ఒక్కొక్కటిగా సర్దుతాం, ఆకారం చెడకుండా, రక్తం చేరడానికి ఖాళీ లేకుండా. చెవి వెనక కూడా దూది, పైన పల్చటి గాజ్ గుడ్డ, దాని మీద క్రేప్ బ్యాండేజీ. కట్టులోకి వేలు దూరేంత వదులు ఉండాలి. బిగిస్తే బలంగా ఉంటుందనుకోవడం పొరపాటు, కట్టు కింద చెవి అంచు ముందుకి మడత పడి అలాగే ఉండిపోతే చర్మం నల్లబడి చచ్చిపోతుంది.

రక్తం గడ్డ కట్టడం ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే. గుర్తు ఒకటే: ఒక చెవి నొప్పి తగ్గాల్సింది పోయి గంట గంటకీ పెరగడం. పారాసెటమాల్ కిలోకి 15 మి.గ్రా., అంటే బాబుకి 300 మి.గ్రా., ఆరు గంటలకొకసారి ఇవ్వొచ్చు. సిరప్ సీసాలు రెండు మూడు బలాల్లో వస్తాయి, లేబుల్ చూసి మి.లీ. లెక్క కట్టండి. అది ఇచ్చి గంటైనా బిడ్డ ఒక చెవి పట్టుకుని ఏడుస్తుంటే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, అక్కడ కట్టు విప్పి చూడాలి, గడ్డ ఉంటే ఒకటి రెండు కుట్లు తీసి బయటికి తీయాలి. అలా వదిలేస్తే మృదులాస్థికి రక్తం అందక చెవి ముడుచుకుపోతుంది. ఈ ఒక్క కారణానికే చెప్తున్నాను, లంక ఊళ్ల వాళ్లు, వరద రోజుల్లో పడవ దాటాల్సిన వాళ్లు మొదటి రెండు రాత్రులు ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే ఉండండి.

మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య నొప్పి కొత్తగా మొదలైతే, చెవి ఎర్రబడి వేడిగా ఉంటే, వాసన వస్తే అది చీము. పచ్చటి రసి కారితే సూడోమోనాస్ అనే క్రిమి అని అనుమానించి కల్చర్ పరీక్షకి పంపిస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్ దానికి చాలాసార్లు పనిచేయదు.

కట్టు ఎన్ని రోజులన్నది డాక్టర్‌ని బట్టి. కొందరు మర్నాడే విప్పుతారు, కొందరు ఐదు నుంచి ఏడు రోజులు ఉంచుతారు. మన వైపు ఉక్కపోతకి ఏప్రిల్, మే నెలల్లో ఏడు రోజుల కట్టు కింద చెమట పట్టి చర్మం నానిపోతుంది, బిడ్డ గోక్కుంటాడు. అందుకే నన్నడిగితే చలికాలమే హాయి. కానీ సంక్రాంతి సెలవులు తక్కువ, బాబు స్కూలుకి వెళ్లిన మొదటి రోజే ఎవరో చెవి లాగుతారు. దసరా, సంక్రాంతి ఏదైనా సరే, దానికి అదనంగా ఇంకో వారం సెలవు పెట్టగలిగితే అప్పుడు చేయించండి. కుదరకపోతే వేసవి సెలవుల మొదటి వారంలోనే చేయించి, గాలి ఆడే గదిలో ఉంచండి.

కట్టు విప్పాక తలకి పట్టే వెడల్పాటి బ్యాండు, ఆటగాళ్లు పెట్టుకునే లాంటిది, ఆరు వారాలు రాత్రి పూట తప్పదు. నిద్రలో పక్కకి తిరిగితే చెవి ముందుకి మడత పడి కుట్టు తెగుతుంది. రెండు బ్యాండ్లు కొనండి, ఒకటి ఉతికి ఆరేస్తే ఒకటి ఉండాలి. మొదటి వారం తల కింద రెండు దిళ్లు. తల మీద నుంచి లాగే టీ షర్టులు వద్దు, ముందు గుండీలున్న చొక్కాలు వేయండి. చెవులకి తగిలించే మాస్కు వద్దు, అది చెవిని ముందుకే లాగుతుంది. తమ్ముడు గారు ఆరు వారాలు హెల్మెట్ పెట్టుకోకూడదు కాబట్టి బండి కూడా నడపకూడదు. కాలువలో ఈత, కబడ్డీ కూడా ఆరు వారాల తర్వాతే.

తలస్నానం డాక్టర్ గారు సరేనన్నాక పిల్లల షాంపూతో చేయించండి. కుంకుడుకాయ రసం మానే గాయానికి మంట. కొబ్బరినూనె కూడా గాయం పూర్తిగా మూసుకునే దాకా చెవి వైపు రానివ్వకండి. ఆపరేషన్ ముందు రోజు క్షౌరం చేయించొద్దు, కత్తి గీతల్లో క్రిములు చేరతాయి. ఇంకో గుండు మొక్కు ఏదైనా బాకీ ఉంటే గాయం మానాక, కనీసం రెండు నెలలు ఆగి తీర్చుకోండి.

మళ్లీ అడిగింది: అమలాపురం అమ్మ

అందరికీ ధన్యవాదాలండి. నొక్కి చూశాను, మడత పడింది గానీ మధ్య భాగం ఇంకా బయటికే ఉంది. దారం కరగదన్నారు, అది జీవితాంతం లోపలే ఉంటుందా? ఇన్సూరెన్స్ వస్తుందా? ఇంకొకటి, మా ఆడపడుచుకి పాప పుట్టి పదకొండు రోజులు, ఒక చెవి అచ్చం వీడిలాగే ఉంది. దానికీ ఆరేళ్లు ఆగాలా?

జవాబు: ప్లాస్టిక్ సర్జన్, రాజమండ్రి

అయితే బాబుకి రెండు రకాల కుట్లూ కావాలి. చూపించుకున్నప్పుడు గిన్నె సంగతి మీరే ఎత్తండి.

దారం లోపలే ఉంటుంది, హాని లేదు. కొందరికి నెలలు గడిచాక చెవి వెనక చిన్న పొక్కులా లేచి తెల్లటి దారం కొన కనబడుతుంది. గోటితో లాగొద్దు, వచ్చి చూపిస్తే రెండు నిమిషాల్లో తీసేస్తాం. ఆరు నెలలు దాటాక తీస్తే ఆకారం సాధారణంగా చెడదు, మొదటి వారాల్లో తీయాల్సి వస్తే చెవి కొంత మళ్లీ బయటికి రావచ్చు. చెవి మొద్దుబారినట్టు రెండు మూడు నెలలు ఉంటుంది. అన్నాళ్లూ ఎండకీ, హెయిర్ డ్రయ్యర్ వేడికీ జాగ్రత్త, కాలినా వాడికి తెలియదు.

ఇన్సూరెన్స్ పాలసీల్లో అందం కోసం చేసే ఆపరేషన్లకి ప్రామాణిక మినహాయింపు ఉంది, ఎక్స్‌క్ల్ 08 అని రాసి ఉంటుంది. చేతి డబ్బే అనుకోండి. ప్యాకేజీ చెప్పినప్పుడు మత్తు డాక్టర్ ఫీజు, డ్రెస్సింగులు, మళ్లీ సరిచేయాల్సి వస్తే ఆ ఖర్చు అందులో ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకోండి. సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డీఎన్‌బీ ఉందా, ఈఎన్‌టీ డాక్టర్ అయితే ఈ ఆపరేషన్ తరచూ చేస్తారా అని అడగడంలో మొహమాటం వద్దు. విశాఖ కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది, ప్రైవేటు ఖర్చు మోయలేని వాళ్లు అక్కడ ఓపీలో చూపించుకోవచ్చు.

పాప విషయంలో మాత్రం ఆగొద్దు, ఈ వారంలోనే చూపించండి. తల్లి నుంచి వచ్చిన ఈస్ట్రోజన్ పుట్టిన కొన్ని వారాలు బిడ్డ ఒంట్లో ఉంటుంది, దాని వల్ల చెవి మృదులాస్థి మైనంలా వంగుతుంది. మొదటి మూడు వారాల్లో మొదలుపెడితే కత్తి లేకుండానే చాలా చెవులు సరిపోతాయి. ఆరు వారాలు దాటితే ఫలితం బాగా పడిపోతుంది. సన్నటి తీగని మెత్తటి సిలికాన్ గొట్టంలో పెట్టి, చెవి ఆకారానికి వంచి, మడతలో కూర్చోబెట్టి టేపు వేస్తాం, దీన్నే స్ప్లింటు అంటాం. రాత్రీ పగలూ ఉండాలి, రెండు నుంచి ఆరు వారాలు. నాలుగైదు రోజులకోసారి విప్పి చర్మం చూసి మళ్లీ వేస్తాం, ఎర్రబడితే ఒక రోజు విరామం ఇస్తాం.

మామూలు ప్లాస్టర్ తెచ్చి ఇంట్లో చెవిని తలకి అంటించే ప్రయత్నం చేయొద్దని గట్టిగా చెప్పండి. మన తేమకి కింద చర్మం ఒలిచిపోతుంది, మడత పడాల్సిన చోట పడదు. నలుగు పెట్టి చెవిని నొక్కడం వల్ల కూడా ఏమీ రాదు. స్ప్లింటు ఉన్నన్నాళ్లు ఆముదం, నలుగు, తలంటు ఆపి, తడిగుడ్డతో తల తుడిస్తే చాలు. చెవికి నూనె తగిలితే టేపు నిలవదు. బారసాలకి చెవులు కుట్టిస్తామంటే స్ప్లింటు తీసేశాక, తమ్మెకి మాత్రమే కుట్టించమనండి. మృదులాస్థి దాకా వెళ్లిన కుట్టు చీము పడితే, దాన్ని సరిచేయడం ఈ ఆపరేషన్ కంటే చాలా కష్టం.